గిలకలదిండి నుంచి నడిసంద్రానికి: మరపడవలపై మత్స్యకారుల జీవనం

కృష్ణా జిల్లా మచిలీపట్నం శివారులోని గిలకలదిండి రేవు నుంచి దూరపు వేటకు బయలుదేరే మరపడవ వారం నుంచి పదిహేను రోజుల వరకు సముద్రంపైనే ఉంటుంది. అందుకు తగిన డీజిలు, ఐసు, మంచినీరు, బియ్యం రేవులోనే ఎక్కించుకుంటారు. వీటిలో ఏది నిండుకున్నా వేట ముగించి ఒడ్డుకు మళ్లవలసిందే.

పడవను నడిపే సరంగుతోపాటు ఆరేడుగురు కళాసీలు ఉంటారు. లాగుడు వలను దించి, కొన్ని గంటలు నెమ్మదిగా లాగి, పైకెత్తిన వెంటనే రొయ్యలను, చందువలను, ఇతర చేపలను వేరుచేసి అడుగు అరలలో ఐసు మధ్య పేరుస్తారు. పని రాత్రింబవళ్లు సాగుతుంది కనుక ఒక వలకు, మరొక వలకు నడుమ దొరికే వ్యవధిలోనే వారి భోజనం, నిద్ర. ఖర్చులు పోగా మిగిలిన ఆదాయంలో యజమానికి, సరంగుకు, కళాసీలకు వాటాలు ఉంటాయి. వేట పడకపోతే ఆ నష్టం కళాసీ ఇంటినీ తాకుతుంది.

మొగ వద్ద నిరీక్షణ

ఇసుక మేటల కారణంగా సముద్రపు మొగ వద్ద లోతు తగ్గడం ఈ రేవుకు చిరకాల సమస్య. పోటు సమయంలో తప్ప పెద్ద పడవలు రాకపోకలు సాగించలేవు. వేచి ఉన్న కొద్దీ ఐసు కరిగి సరుకు ధర పడిపోతుంది. తుపాను హెచ్చరిక వెలువడిన వేళ ఇదే జాప్యం ప్రాణాపాయం కాగలదు. అందుకే రేవు రెండవ దశ అభివృద్ధిలో అలల నిరోధక గోడలకు, పూడికతీతకు ప్రాధాన్యమిచ్చారు.

భద్రతే ప్రధానం

1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో సుమారు 10,000 మంది మరణించిన విషయం విదితమే. 2022 జూలైలో మచిలీపట్నం నుంచి వేటకు వెళ్లిన నలుగురు మత్స్యకారులు పడవ ఇంజను చెడి సముద్రంలో చిక్కుకొని, కొన్ని రోజుల తరువాత కోనసీమ తీరానికి క్షేమంగా చేరారు. తీరంతో సంబంధం తెగిపోవడమే ఇటువంటి సందర్భాలలో ప్రధాన ప్రమాదం. ఈ లోటును తీర్చేందుకు లక్ష పడవలకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లను అమర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2024 ఆగస్టులో ప్రారంభించింది. సెల్‌ఫోను సంకేతాలు అందని చోట సైతం ఉపగ్రహం ద్వారా ఇరువైపులా సందేశాలు పంపుకొనే వీలు వీటితో కలుగుతుంది.

చేపల సంతానోత్పత్తి దృష్ట్యా తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం అమలులో ఉంటుంది. ఈ కాలానికి అర్హులైన కుటుంబాలకు ఇచ్చే భృతిని రాష్ట్ర ప్రభుత్వం 2025లో రూ.20,000కు పెంచింది.

సముద్రంలో ఆపద ఎదురైన పక్షంలో తీర రక్షక దళానికి 1554 నంబరుపై తెలియజేయవచ్చు. పడవ కదిలే ముందు లైఫ్ జాకెట్లను సరిచూసుకోవడం, పడవలో ఉన్నవారి వివరాలను రేవులో నమోదు చేయించడం గాలింపు బృందాలకు విలువైన సమయాన్ని మిగులుస్తుంది.