మన పేరూ రాయిద్దాం

అక్కలారా! మేస్త్రి ఇల్లు కట్టాడు అంటారు. మరి ఇటుకలు మోసింది ఎవరు? మాలు అందించింది ఎవరు? మనమే. మనమూ భవన కార్మికులమే.

1996లో మన కోసం చట్టం వచ్చింది. 18 ఏళ్లు నిండి, 60 దాటని వారు, ఏడాదిలో 90 రోజులు ఈ పని చేసి ఉండాలి. అప్పుడు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసి కార్డు ఇస్తారు.

కార్డు ఉంటే కాన్పుకు, పనిలో ప్రమాదం జరిగితే సాయం అడగవచ్చు. ఇది దానం కాదు. పెద్ద భవనాలు కట్టేవారు ఖర్చులో నూటికి రూపాయి ఇందుకు కడతారు.

ఇంటాయనకు కార్డు ఉందని ఊరుకోవద్దు. ఆయనది ఆయనదే, మనది మనదే. పనికి పోయిన ప్రతి రోజూ తేదీ, మేస్త్రి పేరు రాసుకోండి. కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి. దరఖాస్తు చదవండి. వేలిముద్ర వద్దు, సంతకం చేయండి.