హ్యాకథాన్‌లో అమ్మకేం పని?

‘హ్యాకథాన్’ అన్న మాట మీరెప్పుడైనా విన్నారా? నేనైతే 2024 డిసెంబరు దాకా వినలేదు. మా పెద్దమ్మాయి ఒంగోలులో ఇంజనీరింగు చదువుతోంది. ఓ రాత్రి ఫోన్ చేసి, “అమ్మా, మా కాలేజీలో హ్యాకథాన్ పెడుతున్నారు. ముప్ఫై ఆరు గంటలు. రాత్రిళ్ళు కూడా అక్కడే ఉండాలి. పేరిచ్చేశాను” అంది. ‘పేరివ్వనా?’ అని కాదు, ‘పేరిచ్చేశాను’ అని. గమనించారా!

ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగి ఉంటుందో మీరు ఊహించుకోగలరు. “ఆడపిల్ల రాత్రంతా మగపిల్లోళ్ళతో కూర్చుని చేసే చదువేందమ్మా?” అన్నారు మా అత్తయ్యగారు. మావారు పైకేమీ అనలేదుగానీ ఆ పూట అన్నం సగంలో లేచిపోయారు. నాకూ భయమే, దాచడమెందుకు! అయితే ‘వద్దు’ అనేసే ముందు మూడు సంగతులు అడిగాను. రాత్రిపూట లేడీ లెక్చరర్లు ఎవరుంటారు? ఆడపిల్లలు కాసేపు నడుం వాల్చడానికి వేరే గది ఉందా? అయిపోయాక హాస్టలు దాకా ఎవరు దించుతారు? మూడింటికీ సరైన జవాబే వచ్చింది. ఆ జవాబులు మా వారికి నేనే వినిపించాను. మీ ఇంట్లోనూ ఇలాంటి మాట రావచ్చు. ఈ మూడూ అడిగి చూడండి. సగం భయం పోతుంది.

ఇంతకీ ఏమిటీ హ్యాకథాన్? ‘హ్యాకింగ్’ అంటే బ్యాంకు ఖాతాల్లో డబ్బు కాజేసే దొంగతనం అనుకునేదాన్ని. ఇది అది కాదు. మారథాన్ అనే దూరపు పరుగు పందెం ఉంది చూడండి, కంప్యూటర్ల ముందు కూర్చుని చేసే అలాంటి పరుగే ఇది. ఒక సమస్య ఇస్తారు, లేదా పిల్లలే ఎంచుకుంటారు. ఇచ్చిన గంటల్లో దానికి పనికొచ్చే యంత్రమో, ఫోన్‌లో వాడే యాప్‌నో చేసి చూపించాలి. కేంద్ర ప్రభుత్వం 2017లో ‘స్మార్ట్ ఇండియా హ్యాకథాన్’ మొదలుపెట్టాక కాలేజీ కాలేజీకీ ఈ సరదా పాకింది. 2025 జూన్‌లో గుంటూరులో మన రాష్ట్ర పోలీసులు కూడా ఏఐ మీద ఒకటి జరిపించారు. ఆ స్మార్ట్ ఇండియా పోటీలో జట్టుకి ఆరుగురు, వాళ్ళలో కనీసం ఒక్కరైనా ఆడపిల్ల ఉండి తీరాలని నిబంధన. ‘కనీసం ఒక్కరు’ అన్న మాటకి నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదుగానీ, ఆ నిబంధన పుణ్యమా అని గడప దాటిన ఆడపిల్లలు ఎందరో ఉండి ఉంటారు.

మా పాప వాళ్ళ కాలేజీ పోటీకి ఇచ్చిన విషయం ‘సమాజానికి మేలు చేసే కృత్రిమ మేధ’. ఆ కృత్రిమ మేధనే ముద్దుగా ఏఐ అంటున్నారు. జట్టులో నలుగురు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఏం చేద్దామా అని తర్జనభర్జన పడుతుంటే మా పాప ‘మిరప’ అందట.

మా పొదిలి వైపు వాళ్ళకి ‘ఎందుకు’ అని చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతాను. 2021-22 పంట కాలంలో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిరప చేలను ఊడ్చిపెట్టింది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన పురుగది. మన దేశంలో మొదట 2015లో బెంగుళూరు దగ్గర బొప్పాయి మీద కనపడిందట. నువ్వు గింజంత కూడా ఉండదు. పూలలో దూరి రసం పీల్చేస్తుంది. పూత రాలిపోతుంది, ఇక కాయ ఎక్కడిది? మాకున్న రెండెకరాల్లో ఎకరంన్నర మేమే పీకి గట్టు మీద వేశాం. వారానికి రెండుసార్లు మందు కొట్టాం. ఏ మందు అని అడిగితే దుకాణంలో ఏది ఇస్తే అది! ఆ అప్పు తీరడానికి నా గాజులు పోయాయి. అప్పుడు మా పాప ఇంటర్ చదువుతోంది. అది మర్చిపోలేదన్నమాట.

సరే, ఏఐ ఎలా పనిచేస్తుందో మా పాప చెప్పిన తీరులోనే చెబుతాను. కల్లంలో కాయలు గ్రేడు చేస్తాం కదా! కొత్తగా వచ్చిన పిల్లకి ఎర్రకాయ ఏదో, తాలు ఏదో మొదట చూపిస్తాం. ఓ బుట్టెడు కాయలు చేతిలో పడేసరికి చూడకుండానే ఏరేస్తుంది. యంత్రానికీ అంతే. పేరు పెట్టిన ఫోటోలు వందలు, వేలు చూపిస్తే, కొత్త ఫోటో చూసి ఇది ఫలానా అని తనే పోల్చుకుంటుంది. కాకపోతే, మనం తాలుని ఎర్రకాయ అని నేర్పామనుకోండి, జన్మంతా అలాగే ఏరుతుంది. పైగా అనుమానం కూడా పడదు!

జరిగింది కూడా అదే. పోటీకి ముందు ఆదివారం పిల్లలు ఆరుగురూ మా ఇంటికొచ్చారు. వండి పెట్టి చేనుకి తీసుకెళ్ళాను. వాళ్ళ ఫోన్ ఒక ఆకు చూసి ‘ముడత’ అంది, ఇంకో ఆకు చూసీ ‘ముడత’ అంది. కలుపు తీస్తున్న పెద్దామె ఒకరు నడుం మీద చెయ్యేసుకుని, “ఏ ముడత నాయనా? పై ముడతా, కింది ముడతా?” అని అడిగింది. పిల్లలు తెల్లముఖం వేశారు. ఆమె రెండాకులు తుంచి అరచేతిలో పెట్టి చూపించింది. అంచులు పైకి లేచి దోనెలా ఉంటే పై ముడత, అది తామర పురుగు పని. అంచులు కిందికి వంగి తిరగేసిన దోనెలా ఉంటే కింది ముడత, అది నల్లి పని. ఒకదానికి కొట్టే మందు రెండోదానికి పనిచెయ్యకపోవచ్చు. పిల్లలు రెండురకాల ఫోటోలనీ ఒకే మూటలో కట్టేశారు! ఆ యాప్‌ని నమ్మిన రైతు డబ్బులు మట్టిలో పోసినట్టే కదా.

ఆ సాయంత్రం మా వరండాలో చాప పరిచి, వాళ్ళు తెచ్చిన నాలుగు వందల పైచిలుకు ఫోటోలూ ల్యాప్‌టాప్‌లో ఒక్కొక్కటే చూపిస్తుంటే ఆ పెద్దామె, నేను, ఇంకో ఇద్దరు కూలీ ఆడవాళ్ళు ‘ఇది పైది, ఇది కిందిది, ఇది బొబ్బర, ఇదేం లేదు నీళ్ళు చాలక వాడింది’ అని చెబుతూ పోయాం. దీన్ని వాళ్ళ చదువులో ‘లేబులింగ్’ అంటారట. సగం పని ఇక్కడే అయిపోతుందని ఒక అబ్బాయి అన్నాడు. కూలీ ఆడవాళ్ళకి ఆ పూట కూలి కట్టి ఇమ్మని నేను గట్టిగా చెప్పాను. తలా కాస్త వేసుకుని ఇచ్చారు పాపం.

పోటీ రోజు రాత్రి పన్నెండు దాటాక ఫోన్ మోగింది. నా గుండె గుభేలుమంది. తీరా చూస్తే, “అమ్మా, యాప్ చెప్పే మాటలు బాగాలేవు, నువ్వు కాస్త చెప్పవా?” అంటోంది. వాళ్ళు రాసుకున్నది వినండి: ‘తామర పురుగుల ఉధృతి అధికముగా గమనించబడినది. తగు యాజమాన్య పద్ధతులను అవలంబించవలెను.’ ఇది వింటే మా చేలో ఆడవాళ్ళు కోర్టు నోటీసు వచ్చిందనుకుంటారు! నేను లేచి వంటింట్లో దీపం వేసుకుని, కిరాణా చీటీల వెనక రాయడం మొదలుపెట్టాను. ‘పూలల్లో నల్ల పురుగులు ఉన్నాయి. నాలుగైదు చోట్ల పూలు కోసి తెల్ల కాగితం మీద దులిపి చూడండి. చేలో నీలి రంగు జిగురు అట్టలు కట్టండి. మందు కొట్టే ముందు రైతు సేవా కేంద్రంలో అడగండి.’ ఇలాంటివి పన్నెండు. చదవడం రాని వాళ్ళ కోసం గొంతు కూడా కావాలంది. ఫ్యాను ఆపి, ఫోన్ ఉప్పు జాడీకి ఆనించి చదివాను. మధ్యలో కుక్క మొరిగితే మళ్ళీ మొదటికొచ్చేదాన్ని. అలికిడికి అత్తయ్యగారు లేచొచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విని, “దులిపి అంటే పురుగు రాలదే, ఇదిలించి అను” అన్నారు. అలాగే మార్చాను. నేను ఇంటర్‌తో ఆపేసిన దాన్ని. ఇరవై ఏళ్ళ తర్వాత పరీక్ష రాసినట్టుంది నాకు.

మన మాట యంత్రాలకి రావాలంటే మనమే నేర్పాలి. ఇందుకోసం కేంద్ర ప్రభుత్వం 2022లో ‘భాషిణి’ పథకం తెచ్చింది. ‘భాషాదాన్’ పేరుతో ఎవరైనా తమ గొంతు ఇవ్వవచ్చు. పల్లెల ఆడవాళ్ళు గొంతు కలపకపోతే రేపు ఫోన్లన్నీ రేడియో వార్తల తెలుగే మాట్లాడతాయి.

బహుమతి వచ్చిందా అంటారా? రాలేదు. “చేలో సిగ్నల్ లేకపోతే?” అని ఒక జడ్జిగారు అడిగారట. వీళ్ళది సిగ్నల్ లేకపోతే పలకదు. అది న్యాయమైన ప్రశ్నే. పత్తిలో గులాబీ రంగు పురుగు కోసం ముంబయిలోని వాధ్వానీ ఏఐ సంస్థ వాళ్ళు చేసిన యాప్ ఉంది. లింగాకర్షక బుట్టలో పడిన రెక్కల పురుగులను ఫోటో తీస్తే లెక్కపెట్టి, మందు అవసరమో కాదో చెబుతుంది. వాళ్ళు ఈ ఇబ్బంది ముందే ఆలోచించి సిగ్నల్ లేకపోయినా నడిచేట్టు చేశారు. దానికి 2019లో గూగుల్ సంస్థ ఇరవై లక్షల డాలర్ల సాయం ఇచ్చింది. మా పిల్లల దగ్గరున్నది మా వంటింటి చీటీలు!

తెలంగాణ ప్రభుత్వం కూడా 2022లో ఖమ్మం జిల్లాలో ‘సాగు బాగు’ పేరిట 7,000 మంది మిరప రైతులతో ఇలాంటి పని మొదలుపెట్టింది. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందనీ, పురుగుమందుల వాడకం 9 శాతం తగ్గిందనీ ఫలితాలు ప్రకటించారు. తొమ్మిది శాతమేనా అనుకోకండి. మందు పిచికారీ చేసిన బట్టలు ఉతికేది మనమే కదా!

2025 ఫిబ్రవరిలో మా పాప కోతలప్పుడు వచ్చి, సరిచేసిన యాప్‌ని ఆ పెద్దామెకి చూపించింది. ఇప్పుడది పై ముడతనీ కింది ముడతనీ చాలావరకు విడదీస్తోంది. ఆమె నా గొంతు విని నవ్వి, “బాగానే చెప్తాందిగానీ పాపా, కాయ రేటు ఎట్టుంటదో చెప్తదా?” అంది. ఆ నెలలో మిరప ధర పడిపోయి గుంటూరు యార్డు దగ్గర రైతులు గగ్గోలు పెడుతున్నారు. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయలు కట్టి ఆదుకుంటామంది. పురుగు నుంచి కాపాడుకున్న మా కాయ కూడా కోల్డ్ స్టోరేజీకే పోయింది. “అది ఇంకా చెయ్యలేదు పెద్దమ్మా” అంది మా పాప చిన్నగా.

మళ్ళీ హ్యాకథాన్ ఉందంటోంది. ఈసారి అత్తయ్యగారు ‘ఎన్ని రాత్రిళ్ళు?’ అని మాత్రమే అడిగారు. మీ అమ్మాయిలు వెళ్తే వెంట ఏం పంపాలంటారా? మొదటి రాత్రికి పులిహోర సరిపోతుంది, రెండో రోజుకి వేరుశనగ ఉండలు, జంతికలు. గోంగూర పచ్చడి మాత్రం పంపకండి. కిందటిసారి నూనె కారి ఎవరిదో ల్యాప్‌టాప్ మీట్ల సందుల్లోకి పోయిందట, అది తుడవడానికి ఒక గంట పట్టిందని మా పాప ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.