పెంపుడు జంతువుల బెదురు, విసుగు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వరదనీరు విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురము మున్నగు ప్రాంతములను ముంచెత్తినది. మనుష్యులతోపాటు కుక్కలు, పిల్లులు కూడ నీటి నడుమ చిక్కుకొన్నవి. నీరు తీసిన పిమ్మట ఇంటిని కడిగి శుభ్రపరచవచ్చును. మరి జంతువునకు కలిగిన బెదురు అంత సులభముగా పోవునా? సరిగా నూరేండ్లకు పూర్వము జరిగిన ఒక సంఘటన ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుచున్నది.

1924 సెప్టెంబరు 23న రష్యాలోని లెనిన్‌గ్రాడ్ నగరమును నీవా నది వరద ముంచినది. శరీరధర్మ శాస్త్రజ్ఞుడైన పావ్‌లోవ్ ప్రయోగములకై పెంచుచున్న కుక్కల కొట్టములలోనికి నీరు వచ్చినది. వాటిని ఈదించి ప్రయోగశాలకు చేర్చవలసి వచ్చినది. ఆహారమునకు గుర్తుగా ఒక సంకేతమును వినిపించినంతనే నోరూరుట ఆ కుక్కలకు అలవాటు. దీనినే నిబంధిత ప్రతిచర్య యందురు. వరద తరువాత కొన్ని కుక్కలలో ఈ ప్రతిచర్య మాయమైనది. ఓపికతో దానిని మరల నెలకొల్పిరి. ఆపైన ప్రయోగపు గది తలుపు క్రిందనుండి కొద్దిపాటి నీటిని లోనికి పారనిచ్చిరి. అంతమాత్రముననే కుక్క కలవరపడినది. ప్రతిచర్య మరల చెడినది.

బెదురు కలిగినపుడు మూత్రపిండములపైనున్న అధివృక్క గ్రంథులు అడ్రినలిన్, కార్టిసోల్ అను పదార్థములను రక్తములోనికి విడుచును. గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగియును. అపాయమునుండి పారిపోవుటకు ఇది అవసరమే. కాని ఈ స్థితి దినముల తరబడి నిలిచినచో ఆకలి, నిద్ర చెడును. రోగములను ఎదిరించు శక్తి తగ్గును.

బెదరిన కుక్క తోకను కాళ్ల నడుమ ముడుచును. మంచము క్రింద దూరును. ఎండ లేకున్నను రొప్పును. నిద్ర రాకున్నను ఆవులించును. మాటిమాటికి పెదవులు నాకుకొనును. పిల్లి దాగుకొనును, అలవాటైన చోటు విడిచి మరియొక చోట మూత్రము పోయును.

విసుగు లక్షణములు వేరు. పగలంతయు గొలుసుతో కట్టివేసిన కుక్క ఒకే దారిలో అటునిటు తిరుగును, చెప్పులు కొరుకును, పుండు పడునంతవరకు పాదములు నాకును. పంజరములోని పక్షి తన ఈకలను తానే పీకుకొనును. మన రామచిలుకను పట్టి బంధించుట వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము కూడ.

ఈ లక్షణములను చూచి జంతువు పొగరుబోతైనదని కొట్టుట పెద్ద పొరపాటు. దెబ్బ వలన భయము హెచ్చునే కాని తగ్గదు. మొదట పశువైద్యునకు చూపవలెను. పిడుదుల వలన వచ్చు జ్వరములో కూడ కుక్క మందకొడిగా ఉండును. రోగము లేదని తేలిన పిమ్మట ఈ క్రింది పనులు చేయవచ్చును.

ఆహారము, షికారు ప్రతిదినము ఒకే వేళకు జరుగవలెను. కృష్ణా మండలములోని వేసవిలో షికారునకు తెల్లవారుజాము అనుకూలము. దారిలో కుక్కను వాసన చూడనీయవలెను; అదియే దానికి వినోదము. ఆహారములో కొంత భాగమును గది మూలలలో దాచి వెదకించినచో విసుగు తీరును. ఎవరును కదిలింపని ఒక చీకటి మూలను దాని ఆశ్రయముగా విడువవలెను. వానచప్పుడునకు బెదరు కుక్కకు ఆ శబ్దమును రికార్డు చేసి, మిక్కిలి సన్నగా వినిపించుచు, ఇష్టమైన తిండి పెట్టవలెను. అది కలత చెందకున్నచో శబ్దమును దినదినము కొంచెముగా పెంచవచ్చును. కలత చెందినచో తగ్గించి మరల మొదలిడవలెను. ఒక సంకేతము వలన కలిగిన భయమును, అదే సంకేతమునకు మేలును జోడించి పోగొట్టుటయే ఇందలి సూత్రము.

విద్యార్థులు తమ ఇంటి జంతువును ఒక వారము గమనించి వేళ, జరిగిన విషయము, జంతువు ప్రవర్తన అను మూడు గడులతో పట్టిక వ్రాయవచ్చును. ఏ చప్పుడునకు, ఏ వేళకు అది బెదరుచున్నదో ఆ పట్టికయే చెప్పును. నోరులేని జీవి బాధను తెలిసికొనుటకు ఇంతకంటె సులభమైన సాధనము లేదు.