ఫ్లాష్ వెలుగు, ఉన్న వెలుగు: ఫొటోగ్రఫీ అభ్యాసకులకు

ఫొటోగ్రఫీని అభిరుచిగా మొదలుపెట్టిన వారిలో ఎక్కువమంది ఫ్లాష్ విషయంలో రెండు వర్గాలుగా ఉంటారు. కొందరు దాన్ని 'ఆటో'లో వదిలేసి అది ఎప్పుడు వెలిగితే అప్పుడు వెలగనిస్తారు. మరికొందరు రెండు మూడు చెడ్డ ఫొటోలు చూసుకుని, ఫ్లాష్ అసలు వాడకూడదన్న నిర్ణయానికి వచ్చేస్తారు. ఈ రెండు పద్ధతుల్లోనూ వెలుతురు గురించి ఆలోచించే పని ఉండదు. ఆ పని ఎలా చేయాలో ఈ పాఠ్యభాగంలో తెలుసుకుంటారు. ఉదాహరణలు ఎక్కువగా అనకాపల్లి, దాని చుట్టుపక్కల ఊళ్ల నుంచి తీసుకున్నాం. మీరు వేరే జిల్లావారైతే ఆయా చోట్ల మీ ఊరి సంతను, గుడిని, మగ్గాన్ని ఊహించుకోండి. మీ దగ్గర డిజిటల్ కెమెరా ఉంటే మంచిదే. ఫోన్ మాత్రమే ఉన్నా ఇందులో చాలా భాగం మీకు పనికొస్తుంది.

1. ఫ్లాష్ ఎంత దూరం చేరుతుంది?

కొత్త అమావాస్య రాత్రి అనకాపల్లి నూకాలమ్మ జాతరలో గుంపు వెనక నిలబడి, చేతులు పైకెత్తి, దూరంగా ఉన్న వేదిక మీదికి ఫ్లాష్ కొట్టే వారిని మీరు చూసే ఉంటారు. ఆ ఫొటోలో ముందు వరుసలోని వారి తలల వెనక భాగాలు తెల్లగా వెలిగిపోతాయి. వేదిక చీకట్లోనే ఉండిపోతుంది.

కారణం సులభమైన భౌతికశాస్త్రమే. ఫ్లాష్ వంటి చిన్న దీపం నుంచి వచ్చే కాంతి దూరం పెరిగేకొద్దీ పరుచుకుంటూ పోతుంది. దూరం రెండింతలైతే వస్తువు మీద పడే కాంతి నాలుగో వంతుకు తగ్గుతుంది. నాలుగింతలైతే పదహారో వంతే మిగులుతుంది. 3 మీటర్ల దూరంలోని మనిషికి సరిపోయే ఫ్లాష్, 12 మీటర్ల దూరంలోని మనిషికి అందులో పదహారో వంతు వెలుగే ఇస్తుంది.

ఫ్లాష్ శక్తిని 'గైడ్ నంబర్' అనే అంకెతో చెబుతారు. దాన్ని అపెర్చర్ అంకెతో భాగిస్తే ఫ్లాష్ పనిచేసే దూరం వస్తుంది. కెమెరాలోనే అమర్చి ఉండే చిన్న ఫ్లాష్ గైడ్ నంబర్ ఐఎస్ఓ 100 దగ్గర 12 మీటర్లు అనుకుందాం. అపెర్చర్ ఎఫ్/4 పెడితే 12ను 4తో భాగించాలి, అంటే 3 మీటర్లు. ఐఎస్ఓను 400కు పెంచితే ఆ దూరం 6 మీటర్లవుతుంది. ఐఎస్ఓ నాలుగింతలు చేస్తే దూరం రెండింతలే పెరుగుతుందన్న సంగతి గమనించండి. వేదిక 30 మీటర్ల దూరంలో ఉంటే ఈ ఫ్లాష్‌తో చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఫోన్‌లో ఉండే ఎల్ఈడీ దీపమైతే ఒకటి రెండు మీటర్లు దాటితే ఆశ పెట్టుకోనక్కరలేదు.

కొండకర్ల ఆవలో తాటి దోనె మీద కూర్చుని పక్షులను తీసేవారికీ ఈ లెక్కే వర్తిస్తుంది. నీటి మీద 40 మీటర్ల అవతల ఉన్న కొంగకు మీ ఫ్లాష్ వెలుగు చాలదు. బ్యాటరీ మాత్రం ఖర్చవుతుంది. అక్కడ తెల్లవారు వెలుతురే దిక్కు.

2. రెండు వెలుగులు, రెండు అదుపులు

అయితే జాతరలో ఫ్లాష్‌ను పూర్తిగా ఆపేయాలా? దీపం పెట్టిన ఘటాన్ని తలకెత్తుకున్న ఒక స్త్రీ మీకు రెండు మీటర్ల దూరంలోంచి వెళుతోంది. వెనక విద్యుద్దీపాల తోరణాలు, దుకాణాల వెలుగులు ఉన్నాయి. మామూలు ఆటో ఫ్లాష్‌తో తీస్తే ఆమె ముఖం సున్నం కొట్టినట్టు, వెనక అంతా నల్లగా వస్తుంది. ఫ్లాష్ లేకుండా తీస్తే తోరణాలు బాగుంటాయి, ఆమె కదలిక వల్ల ముఖం చెదిరిపోతుంది.

ఇక్కడ అసలు కీలకం ఉంది. ఫ్లాష్‌తో తీసిన ప్రతి ఫొటోలోనూ రెండు వెలుగులు కలిసి ఉంటాయి. ఒకటి ఫ్లాష్‌ది, రెండోది ఆ చోట అప్పటికే ఉన్నది. ఎలక్ట్రానిక్ ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు లేదా అంతకన్నా తక్కువ కాలమే వెలుగుతుంది. కాబట్టి షట్టర్ ఎంతసేపు తెరుచుకుని ఉన్నా ఫ్లాష్ ఇచ్చే వెలుగు మారదు. చుట్టూ ఉన్న దీపాల వెలుగు మాత్రం షట్టర్ తెరుచుకుని ఉన్నంతసేపూ లోపలికి వస్తూనే ఉంటుంది. అంటే వెనక దృశ్యాన్ని షట్టర్ వేగంతోనూ, దగ్గరి మనిషిని ఫ్లాష్ శక్తితోనూ విడివిడిగా అదుపు చేయవచ్చు. అపెర్చర్, ఐఎస్ఓ ఈ రెండింటినీ ప్రభావితం చేస్తాయి.

షట్టర్‌ను 1/15 సెకనుకు తగ్గించి, ఐఎస్ఓ 800 పెట్టి, ఫ్లాష్ శక్తిని ఒక మెట్టు తగ్గించి చూడండి. తోరణాలు వెలుగుతాయి, ఘటంలోని దీపం తన రంగులో కనిపిస్తుంది, ఫ్లాష్ ఆ స్త్రీ ముఖాన్ని కదలకుండా పట్టుకుంటుంది. చాలా కెమెరాల్లో ఈ పద్ధతి 'స్లో సింక్' అనే పేరుతో ఉంటుంది. అంచుల్లో కొద్దిగా చెదురు వస్తుంది. జాతరలో ఆ మాత్రం కదలిక కనిపించడం నాకు తప్పుగా తోచదు.

రెండో హద్దు కూడా చెప్పుకోవాలి. షట్టర్‌లో రెండు తెరలు ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. చాలా కెమెరాల్లో 1/200 లేదా 1/250 సెకను కంటే వేగం పెంచితే ఆ తెరల మధ్య సన్నని సందు మాత్రమే ఉంటుంది. ఫ్లాష్ వెలిగిన క్షణంలో చిత్రంలో కొంత భాగం తెర చాటునే ఉండిపోయి, ఫొటోలో నల్లని పట్టీ పడుతుంది.

ముఖం సున్నం కొట్టినట్టు ఎందుకు వస్తుందో కూడా తెలుసుకోండి. కెమెరా మీటరు ఎదుట ఉన్న దృశ్యాన్ని సగటున మధ్యస్థమైన బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. రాత్రి పెరట్లో నిలబెట్టిన మనిషి వెనక అంతా చీకటే కాబట్టి అది వెలుగు చాలదనుకుని ఫ్లాష్‌ను అతిగా వెలిగిస్తుంది. ఆ అదనపు వెలుగంతా దగ్గరున్న ముఖం మీద పడుతుంది. 'ఫ్లాష్ కాంపెన్సేషన్'ను మైనస్ 1కు పెట్టడమే దీనికి మందు. దాన్ని ఎక్కడ మార్చాలో మీ కెమెరా పుస్తకంలో ఇప్పుడే వెతికి పెట్టుకోండి. చీకట్లో వెతికితే దొరకదు.

3. బెల్లం గానుగ దగ్గర

అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. చెరకు కోతల కాలంలో చుట్టుపక్కల పల్లెల్లో బెల్లం వండుతారు. గానుగాడిన రసాన్ని పెద్ద పెనంలో పోసి, ఎండిన చెరకు పిప్పిని పొయ్యిలో ఎగదోస్తూ మరిగిస్తారు. పైకి తేలిన మడ్డిని తీసేస్తారు. పాకం ముదిరాక దించి, కలియబెట్టి, దిమ్మలు కడతారు. వెలుతురును అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి బడి ఉండదు.

పొయ్యి నుంచి ఎర్రని వెలుగు కింది నుంచి వస్తుంది. పాక తెరిచి ఉన్న వైపు నుంచి తెల్లని పగటి వెలుగు వస్తుంది. మధ్యలో ఆవిరి. ఇక్కడ కెమెరా మీది ఫ్లాష్ వెలిగిస్తే ఏమవుతుంది? ఆవిరిలోని సన్నని నీటి బిందువులు మీకు దగ్గరగా ఉన్నాయి కాబట్టి ఫ్లాష్ ముందు వాటి మీద పడి నేరుగా కటకంలోకి తిరిగి వస్తుంది. ఫొటో అంతా తెల్లని తెర. పెనం దగ్గరి మనిషి దాని వెనక మాయమవుతాడు. (జాతర ఫొటోల్లో గాలిలో తేలే గుండ్రని తెల్లని మచ్చలకూ ఇదే కారణం. అవి కటకానికి దగ్గరగా ఉన్న దుమ్ము కణాలు. వాటిని అమ్మవారి మహిమగా పంచుకునేవారితో మీరు వాదించనక్కరలేదు గానీ, మీకు మాత్రం తెలిసి ఉండాలి.)

అదే ఆవిరిని వెనక నుంచి వచ్చే పగటి వెలుగుకు ఎదురుగా చూస్తే వెండిలా మెరుస్తుంది. మీరు పాక లోపలి వైపుకు వెళ్లి, వెలుతురు వచ్చే వైపుకు తిరిగి తీయండి. ఐఎస్ఓ 1600, షట్టర్ 1/125 దగ్గర మొదలుపెట్టి చూసుకుంటూ మార్చుకోండి. కొంచెం గరుకుదనం వస్తుంది, రానివ్వండి.

ఇక్కడ ఫ్లాష్ వాడకపోవడానికి ఇంకో కారణం ఉంది. అది ఫొటో బాగోగుల కన్నా ముఖ్యమైనది. మరిగే పాకాన్ని కలియబెడుతున్న మనిషి కళ్లలోకి మసక వెలుతురులో ఉన్నట్టుండి ఫ్లాష్ కొడితే కొన్ని క్షణాలు అతనికి చూపు ఆనదు. ఆ క్షణాల్లో చెయ్యి జారితే కాలేది మీ చెయ్యి కాదు. ముందు కెమెరా సంచిలోనే ఉంచి పలకరించండి. "బాబాయ్, ఇక్కడి నుంచి తీసుకోమంటారా, మీకు అడ్డమా?" అని అడగండి. ఎక్కడ నిలబడాలో ఆయనే చెబుతాడు. ఆయన చూపించిన చోటే తరచూ మంచి కోణం కూడా అవుతుంది.

ఫ్లాష్ చరిత్రలోనూ ఈ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. 1887లో జర్మనీలో మీథే, గెడికే అనేవారు మెగ్నీషియం కలిసిన మెరుపు పొడిని తయారుచేశారు. ఆ పొడితోనే జేకబ్ రీస్ అనే పత్రికా విలేఖరి న్యూయార్క్ పేదల ఇరుకు గదుల్లోకి రాత్రివేళ వెళ్లి ఫొటోలు తీశాడు. 1890లో వచ్చిన ఆయన పుస్తకం అక్కడి ఇళ్ల దుస్థితిని లోకానికి చూపింది. అదే సమయంలో నిద్రలేచి బెదిరిపోయిన ముఖాలు కూడా ఆ ఫొటోల్లో ఉన్నాయి. ఆ ఫొటోల వల్ల మేలు జరిగింది. ఆ మనుషులను ఎవరూ అడగలేదన్నదీ నిజమే. ఈ రెండింటినీ కలిపి ఆలోచించండి.

4. రాయి, లక్క, ముఖం

అనకాపల్లికి దగ్గరలోని శంకరంలో బొజ్జన్నకొండ, లింగాలకొండ ఉన్నాయి. 'సంఘారామం' అన్న మాటే శంకరం అయిందంటారు. అలెగ్జాండర్ రే ఇక్కడ తవ్వకాలు జరిపాడు. రాతిని తొలిచిన గుహలు, బుద్ధుని శిల్పాలు, కొండనే చెక్కి చేసిన స్తూపాలు కనిపిస్తాయి. శిల్పానికి ఎదురుగా నిలబడి ఫ్లాష్ కొడితే రాతిలోని ఎత్తుపల్లాలన్నీ చదునైపోతాయి. ఎత్తుపల్లాలు కంటికి తెలిసేది నీడల వల్ల, నీడ ఏర్పడేది పక్క నుంచి వచ్చే వెలుగు వల్ల. పొద్దుటి ఎండ, సాయంత్రపు ఎండ ఏ రాతి మీద ఏటవాలుగా పడుతున్నాయో ఒకసారి కెమెరా లేకుండా తిరిగి చూసి రాసుకోండి.

ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు లక్క పట్టించడం వల్ల వాటికి అద్దం లాంటి నునుపు వస్తుంది. ఆ నునుపే ఫొటోగ్రాఫరుకు చిక్కు. ఫ్లాష్ కొడితే బొమ్మ పొట్ట మీద చుక్కలా తెల్లని మెరుపు పడి ఆ చోట రంగు కనిపించదు. మెరిసే వస్తువు తన ఎదుట ఉన్నదాన్నే చూపిస్తుంది, చిన్న దీపం ఉంటే చిన్న మెరుపు, పెద్ద తెల్లని గుడ్డ ఉంటే మెత్తని వెలుగు. కిటికీకి ఉతికిన తెల్ల పంచె కట్టి, అవతలి పక్క థర్మోకోల్ అట్ట నిలబెడితే చాలు. బొమ్మలు అమ్ముకునే కుటుంబానికి మీరు ఇలా పది ఫొటోలు తీసి ఇస్తే, వాటిని చూసి దూరాన ఉన్నవారు కొనవచ్చు.

ముఖాలకూ ఇదే సూత్రం. చెమట పట్టిన నుదుటి మీద నేరు ఫ్లాష్ జిడ్డు మెరుపు తెస్తుంది. విడిగా అమర్చే ఫ్లాష్ ఉంటే దాని తలను తెల్లని పైకప్పు వైపు తిప్పండి, కప్పంతా పెద్ద దీపంలా పనిచేస్తుంది. ఆకుపచ్చ గోడకు కొడితే మాత్రం ముఖం ఆకుపచ్చగా వస్తుంది, పెళ్లి షామియానా ఎర్రదైతే పెళ్లికూతురూ ఎర్రబడుతుంది. పెంకుటింట్లో తిప్పికొట్టడానికి తెల్లని కప్పే ఉండదు. అప్పుడు మనిషిని గుమ్మం దగ్గర, ఎండ తగలని చోట కూర్చోబెట్టండి. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్ దయాళ్ (1844–1905) కాలంలో స్టూడియోలు ఎక్కువగా ఆధారపడింది పగటి వెలుగు మీదే.

ఫ్లాష్ నిజంగా ఆదుకునేది, చాలామంది అసలు ఊహించని వేళ: మిట్టమధ్యాహ్నం. చెరకు తోటలో తలపాగా చుట్టుకున్న రైతు కళ్లు నల్లని గుంటల్లా కనిపిస్తాయి. రెండు మీటర్ల దూరం నుంచి, శక్తి ఒకటిన్నర మెట్లు తగ్గించి ఫ్లాష్ వేయండి. కళ్లు తెరుచుకుంటాయి, ఫ్లాష్ వాడినట్టు ఎవరికీ తెలియదు.

5. ఏది మంచి ఫొటో?

స్పష్టత, సరైన వెలుగు, వంకర లేని గీత, ఇవన్నీ ఉన్నా ఫొటో పేలవంగా ఉండవచ్చు. నా వరకు ఒక పరీక్ష సరిపోతుంది. ఫొటో చూసినవారు అందులోని మనిషి గురించి ఏదైనా అడుగుతున్నారా, లేక కెమెరా ధర అడుగుతున్నారా? మొదటిది జరగాలంటే ఏమి తీయాలో తెలిసి ఉండాలి, ఏమి వదిలేయాలో అంతకన్నా బాగా తెలిసి ఉండాలి. బెల్లం పాకలో పెనం, పొయ్యి, మనుషులు, చెరకు మోపులు అన్నీ ఒకే ఫొటోలో ఇరికించకండి. దిమ్మ కడుతున్న రెండు చేతులు తీయండి. ఇంకో అడుగు దగ్గరికి వెళ్లండి. ఆ అడుగు వేయాలంటే ముందు పరిచయం కావాలి, కటకం మార్చడం వల్ల ఆ పరిచయం రాదు.

అభ్యాసం

మీ ఇంట్లో పెద్దవారిలో ఒకరిని ఒప్పించి ఒకే సాయంత్రం మూడు ఫొటోలు తీయండి. మొదటిది నేరు ఫ్లాష్‌తో. రెండోది ఫ్లాష్‌ను తెల్లని దుప్పటికో పైకప్పుకో తిప్పికొట్టి. ఫోన్ వాడేవారు ఇంకొకరి ఫోన్ దీపాన్ని దుప్పటి మీద వేయించండి. మూడోది గుమ్మం దగ్గర, ఫ్లాష్ లేకుండా, వెలుతురు పోకముందే. ప్రతి ఫొటోకూ దూరం, ఐఎస్ఓ, షట్టర్ వేగం నోటుపుస్తకంలో రాయండి. తర్వాత మూడింటినీ ఆ పెద్దవారికే చూపించి, ఏది ఎంచుకున్నారో, ఎందుకో వారి మాటల్లోనే రాసుకోండి. వారి ఎంపిక మీ ఎంపికతో కలవకపోతే ఆ తేడాను సంప్రదింపు తరగతిలో చర్చకు పెట్టండి. వారు ఎంచుకున్నదాన్ని ప్రింటు తీయించి వారికి ఇవ్వండి.