ఏ కాగితం ముందు? ఏది వెనక?

ఊళ్ళో ఏ సర్వే నంబరు కాగితం ఏ కట్టలో ఉందో ఒకప్పుడు కరణానికో పట్వారీకో మాత్రమే ఎరుక. 1984లో ఆ ఉద్యోగాలు రద్దయ్యాయి. ఇప్పుడు చాలా కాగితాలు కంప్యూటరుకెక్కాయి. మాట కొట్టగానే వందలకొద్దీ తెర మీదికి వస్తాయి. కావలసినది మొదటి వరసలో ఉంటే సరి. నలభయ్యో వరసలో ఉంటే లేనట్టే లెక్క! మరి ఆ వరస తేల్చేదెవరు?

ఈ పనికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఇంజను లూసీన్. అమెరికాకు చెందిన డగ్ కటింగ్ 1999లో దీన్ని రాశాడు. భార్య పేరులోని మధ్య మాటనే దీనికి పెట్టాడు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇది ఆయిలు ఇంజను వంటిది. పంపుకు తగిలిస్తే నీళ్ళు తోడుతుంది, మరకు తగిలిస్తే పిండి ఆడుతుంది. ఒంటరిగా దానితో పని లేదు. తెలుగు వికీపీడియాలో వెతుకులాట వెనక ఉన్నదీ ఇదే.

మనం అడిగినప్పుడు ఇది కాగితాలన్నీ తిరగేయదు. ఏ మాట ఏయే కాగితంలో ఎన్నిసార్లు ఉందో ముందే పట్టీ రాసి పెట్టుకుంటుంది. పెద్ద పుస్తకాల చివర ఉండే పదసూచిక వంటిదన్నమాట.

కిటుకంతా వరస తేల్చడంలోనే ఉంది. వెయ్యి కాగితాలున్నాయనుకుందాం. 'భూమి' అనే మాట 900 కాగితాల్లో ఉంది. 'ఊరకుంట' ఆరింటిలోనే ఉంది. 'ఊరకుంట భూమి' అని అడిగితే బరువంతా 'ఊరకుంట'దే. అరుదైన మాటకే ఎక్కువ విలువ కట్టాలన్న ఈ సూత్రాన్ని 1972లో కేంబ్రిడ్జికి చెందిన కరెన్ స్పార్క్ జోన్స్ అనే విదుషి చెప్పారు. లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్, ఆయన సహచరులు ఆ లెక్కకు మెరుగు పెట్టారు. ఒకే మాటను వందసార్లు రాసిన కాగితానికి వంద రెట్లు మార్కులు పడవు. కొంత దాకా పెరిగి ఆగిపోతాయి. పేజీలు ఎక్కువున్నంత మాత్రాన ఏ కాగితమూ గెలవదు. ఈ లెక్క పేరు బీఎం25. లూసీన్ 2016 నుంచి మామూలుగా వాడేది దీన్నే.

ఇంత లెక్క తెలిసిన ఇంజను తెలుగు దగ్గరికొచ్చేసరికి తడబడుతుంది. ఈ పద్ధతికి తెలిసింది అక్షరాలే, అర్థం కాదు. 'చెరువు' అని అడిగితే 'చెరువుకు', 'చెరువులో' అన్నవి దాని కంటికి వేరే మాటలు. కాగితం ఉంటుంది, దొరకదు. రైతు ఉత్త చేతులతో తిరిగి వస్తాడు. మాట చివర చేరిన ఇటువంటి ప్రత్యయాలను కత్తిరించే తెలుగు విభాగం లూసీన్‌లో ఉంది. అయితే తయారు చేసేవారు దాన్ని తగిలిస్తేనే పని చేస్తుంది. తగిలించారా అని అడగవలసింది ఆఫీసులనే.

వెతికేవారు కూడా 'రైతు', 'భూమి', 'దరఖాస్తు' వంటి మాటలతో సరిపెట్టుకోరాదు. ఊరి పేరు, సర్వే నంబరు, కుంట పేరు కొట్టాలి. ఒకసారి రాకపోతే 'చెరువుకు' అనీ, 'చెరువులో' అనీ మార్చి చూడాలి.

ఫొటో తీసి ఎక్కించిన పాత దస్తావేజుల సంగతి వేరు. వాటిలోని అక్షరాలను ఎవరైనా టైపు చేయనిదే, లేక యంత్రంతో చదివించనిదే ఏ ఇంజనూ వాటిని పట్టలేదు. వాటి కోసం ఇప్పటికీ కట్టలు విప్పవలసిందే.