అందరం ఒకటే గదా!

2023 అక్టోబర్ 14, శనివారం. ఆ రోజు మాకు పెత్రమాస. పొద్దున్నే తలస్నానం చేసి, నాన్న పేరు మీద బియ్యం, కందిపప్పు, నాలుగు కూరగాయలు, దక్షిణ ఒక సంచిలో సర్ది పెట్టాను. మధ్యాహ్నం గుడికి వెళ్ళి అయ్యగారి చేతిలో పెట్టాలి. సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. తంగేడు, గునుగు దొరకని ఊరు కదా, షాపులో కొన్న చేమంతులు బక్కెట్లో వేసి ఉంచాను. ఈ రెండు పనుల మధ్య మూడోది ఒకటుంది. ఓటు వెయ్యాలి.

మేముండేది ఆస్ట్రేలియాలో, మెల్బోర్న్ పడమటి శివారులో. ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2021 జనాభా లెక్కల్లో సుమారు 59 వేల మంది తేలారు. మా వీధిలోనే నాలుగిళ్ళున్నాయి. పౌరసత్వం వచ్చాక ఎలక్షన్లలో ఓటేశాను గానీ, రెఫరెండం మాత్రం ఇదే మొదటిసారి. 1999 తర్వాత దేశంలో జరగనే లేదు మరి! ఓటు వెయ్యకపోతే 20 డాలర్ల జరిమానా. అందుకని ఆసక్తి ఉన్నా లేకపోయినా అందరం కదలాల్సిందే.

ఇంతకీ ప్రశ్న ఏమిటంటే, ఈ గడ్డమీద ముందునుంచీ ఉన్న అబోరిజినల్ ప్రజలనూ, టారెస్ జలసంధి దీవుల వాళ్ళనూ రాజ్యాంగంలో గుర్తిస్తూ, వాళ్ళ మాట వినిపించడానికి ‘వాయిస్’ అనే ఒక సంఘం పెట్టాలా, వద్దా అని. ఆ సంఘం చట్టాలు చెయ్యదు. చేసిన చట్టాన్ని ఆపలేదు. తమవాళ్ళకు సంబంధించిన విషయాల్లో పార్లమెంటుకూ ప్రభుత్వానికీ సలహా చెప్పగలదు, అంతే. వినడం, వినకపోవడం వాళ్ళ ఇష్టం. 2017 మే నెలలో ఉలూరు అనే పెద్ద ఎర్రరాతి కొండ దగ్గర సుమారు 250 మంది మూలవాసుల ప్రతినిధులు కూర్చుని దేశప్రజలకు చేసిన విన్నపంలో అడిగింది ఇదే.

ఇంత చిన్న కోరికకు దేశం రెండుగా చీలి వాదించుకుంది. ఎన్నో నెలలు టీవీ పెడితే అదే, రైలెక్కితే అదే.

ఆడవాళ్ళే అటూ ఇటూ

ఈ వాదంలో నన్ను కట్టిపడేసింది ఒకటుంది. రెండు వైపులా ముందు నిలబడింది అబోరిజినల్ స్త్రీలే.

యస్ వైపు అప్పటి మూలవాసుల వ్యవహారాల మంత్రి లిండా బర్నీ. 1957లో పుట్టారు. మూలవాసులను దేశ జనాభా లెక్కింపులో కలపకూడదన్న మాట రాజ్యాంగంలోనే ఉండేది. 1967లో రెఫరెండం పెట్టి 90 శాతానికి పైగా ఓట్లతో దాన్ని తీసేశారు. అంటే ఆవిడకు పదేళ్ళు వచ్చేవరకూ ఆ మాట అలాగే ఉందన్నమాట! ఆవిడే 2016లో ప్రతినిధుల సభకు గెలిచిన మొదటి అబోరిజినల్ మహిళ అయ్యారు. పిల్లల చదువు, జబ్బులు, ఇళ్ళు... దేన్ని గురించైనా ముందు మమ్మల్ని అడిగి నిర్ణయించండి, అడక్కుండా పెట్టిన ఖర్చంతా ఏటిపాలవుతోంది అన్నది ఆ పక్షం వాదన.

నో వైపు సెనేటర్ జసింటా నాంపిజిన్‌పా ప్రైస్. తల్లి వార్ల్‌పిరి తెగ మనిషి. ఈవిడ పెరిగింది దేశం నడిమధ్యనున్న ఆలిస్ స్ప్రింగ్స్‌లో. పుట్టుకను బట్టి ఒక జనానికి రాజ్యాంగంలో వేరే చోటు ఇస్తే దేశాన్ని జాతులవారీగా చీల్చినట్టే అన్నారావిడ. కాన్‌బెర్రాలో కూర్చునే పెద్దమనుషుల సంఘం మారుమూల గుడిసెల్లో దెబ్బలు తినే ఆడవాళ్ళ గోడు వింటుందా అని నిలదీశారు. చదువుతుంటే ఒక్క క్షణం ఆగిపోయాను. కొట్టిపారెయ్యదగ్గ మాట కాదది.

మూడో ఆవిడ సెనేటర్ లిడియా థోర్ప్. ఆవిడదీ నో యే, కానీ కారణం పూర్తిగా వేరు. సలహాల సంఘం ఎవరిక్కావాలి, మా భూమి మీద మీరున్నారు, ముందు మాతో ఒప్పందం చేసుకోండి అని ఆవిడ పట్టు.

ముగ్గురూ ఆ జనంలోంచి వచ్చినవాళ్ళే. ముగ్గురి మాటలు మూడు. తీర్పు చెప్పేది మాత్రం మిగతా 96 శాతం జనం. అందులో నేనొకదాన్ని. నిన్నగాక మొన్న వచ్చినదాన్ని!

మావాళ్ళ మధ్య దీని గురించి పెద్ద చర్చేమీ నడవలేదు, నిజం చెప్పాలంటే. మన తెలుగు సంఘం ఉగాదికైనా, దీపావళికైనా మైకు పుచ్చుకోగానే ఈ నేలకు అసలు యజమానులైన వాళ్ళకూ, వాళ్ళ పెద్దలకూ నమస్కారం చెప్పి మొదలుపెడతారు. ఇక్కడి పద్ధతది. పది సెకన్లు. ఆ వెంటనే గణపతి ప్రార్థన. ఓటు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, “మనకెందుకక్కా వాళ్ళ గొడవ? తెలియకపోతే నో అనమంటున్నారు గదా, అనేస్తే పోలె” అంది పక్కింటి అమ్మాయి. ‘తెలియకపోతే నో’ అన్నది నో పక్షం నినాదం. తెలియకపోతే తెలుసుకో అని మా అమ్మ చిన్నప్పుడు చెవి మెలేసేది. ఆ సంగతి ఆ అమ్మాయితో అనలేదు, నవ్వి ఊరుకున్నాను.

నాన్న దుకాణం

నాకు తెలియదని అనుకోవడానికి వీల్లేని కారణం ఒకటుంది. నేను పుట్టి పెరిగింది ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు పక్కన ఒక ఊళ్ళో. అది ఏజెన్సీ. చుట్టూ గోండు గూడేలు. నాన్నది కిరాణా దుకాణం. మా తాత కరీంనగర్ వైపు నుంచి బండి కట్టుకొని వచ్చాడు. అంటే అక్కడా మేము వచ్చినవాళ్ళమే.

ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇంకొకరు కొనడానికి లేదు. 1959 నాటి నిబంధనను 1970లో మరింత బిగించారు, దాన్నే జనం ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అంటారు. మరి మా ఇల్లూ, దుకాణమూ ఎవరి స్థలంలో ఉన్నట్టు? ఒక గోండు పెద్దమనిషిది. మేము కాకా అని పిలిచేవాళ్ళం. నాన్న ఆయనకు ఎంతో కొంత డబ్బు, కొంత జొన్న, పాత బాకీ రద్దు ఇలా లెక్క చూసి స్థలం తీసుకున్నాడు. కాయితాల్లో మాత్రం కాకా పేరే. కాకా మా ఇంటికొస్తే అరుగుమీద కూర్చునేవాడు. అమ్మ చాయ్ ఇచ్చేది. ఆ గ్లాసు వేరే ఉండేది.

నాన్న చెడ్డవాడు కాదు. రాత్రి రెండింటికి తలుపు కొట్టినా మందుబిళ్ళలు ఇచ్చి పంపేవాడు. ఆ చట్టం మాట వస్తే మాత్రం, “అందరం మనుషులమే గదనే! ఒక్క ఊళ్ళె ఉన్నోళ్ళకు వాళ్ళకో కాయిదం, మనకో కాయిదం ఏంది? ఇట్లనే దేశాన్ని చీలుస్తున్నరు” అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట నాకెంతో న్యాయంగా వినిపించేది.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో 13 మంది. నాకప్పుడు ఏడేళ్ళు. దుకాణం తలుపులు మూసి మమ్మల్ని వెనకింట్లో కూర్చోబెట్టారు. తర్వాత పెద్దవాళ్ళు అనుకున్న మాట నాకింకా గుర్తే... బయటివాళ్ళు వచ్చి రెచ్చగొట్టారు గానీ మేమూ వాళ్ళూ అన్నదమ్ముల్లా ఉన్నాం అని. అన్నదమ్ములే. కాకపోతే పంపకంలో స్థలం ఎప్పుడూ ఒకే వైపు నుంచి ఒకే వైపుకు వచ్చేది.

అందుకే, అందరం ఒకటే, వేరు చేసి చూడొద్దు అని టీవీలో వినబడినప్పుడల్లా నాకు దుకాణం గల్లాపెట్టె చప్పుడు వినిపించేది. జసింటా ప్రైస్ అంటే ఆ మాటకొక బరువుంది. తనవాళ్ళ గురించి తను అంటోంది. అదే మాట మా నాన్న అన్నాడంటే, దానివల్ల ఆయనకు ఒక ఇల్లు మిగిలింది.

మా ఆయన వాదన

మా ఆయన నో వెయ్యాలనుకున్నారు. తెలియక కాదు, తెలిసే! “మన రాజ్యాంగంలో ఇవన్నీ మొదటినుంచీ ఉన్నయ్ గదా, ఏం ఒరిగింది?” అన్నారు. నిజమే. మన దేశంలో లోక్‌సభలో 47 సీట్లు షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకం. తెలంగాణ అసెంబ్లీలో 119కి 12, ఆంధ్రప్రదేశ్‌లో 175కి 7. అంతకంటే విచిత్రం, ఇక్కడ ఇంత రభస చేసిన సలహా సంఘం లాంటిది మనకు 1950 నుంచే ఉంది. అయిదో షెడ్యూలు ప్రకారం ఏజెన్సీలున్న రాష్ట్రాల్లో గిరిజన సలహా మండలి ఉండాలి. 20 మందికి మించకుండా సభ్యులు, వాళ్ళలో ముప్పాతిక మంది గిరిజన ఎమ్మెల్యేలే. దానివల్ల దేశం ముక్కలయిందా? కాలేదు. దాని మాట విన్నారా? “విని ఉంటే ఇంద్రవెల్లి ఎందుకైతది?” అన్నారాయన.

పైగా ఎవరి గొంతు ఎవరిది అన్న పేచీ ఒకటి. 1976లో లంబాడాలను తెలంగాణలోనూ షెడ్యూల్డు తెగల్లో చేర్చినప్పటినుంచి నలుగుతున్న తగాదా 2017లో మా జిల్లాలో రోడ్డెక్కింది. వాయిస్ పెడితే ఇక్కడా అంతే అవుతుందని ఆయన భయం.

జవాబు నా దగ్గర సగమే ఉంది. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బారు జరుగుతుంది. 1940లో కొమరం భీం చనిపోయాక, నిజాం సర్కారు పంపగా వచ్చిన హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడి చొరవతో ఆ రోజుల్లో మొదలైంది. ఏటా అధికారులు వచ్చి కూర్చుంటారు, గోండులు లేచి తమ కష్టం చెబుతారు. నాన్నతో ఒకసారి వెళ్ళాను. ఒక ముసలమ్మ లేచి నిలబడి పావుగంట మాట్లాడింది. ఆ అధికారికి ఆమె భాష అర్థమైనట్టు లేదు. అయినా లేచి వెళ్ళిపోవడానికి ఆయనకు వీల్లేదు. పని జరిగిందో లేదో నాకు తెలియదు గానీ, మా దుకాణం ముందు తల వంచుకొని నిలబడే మనుషులు అక్కడ తలెత్తుకొని నిలబడ్డారు.

ఆడవాళ్ళకైనా ఇది కొత్త వాదనా, మీరే చెప్పండి? సరిగ్గా ఆ సెప్టెంబర్‌లోనే మన పార్లమెంటు మహిళలకు మూడోవంతు సీట్ల బిల్లు ఆమోదించింది. జనగణన, నియోజకవర్గాల విభజన అయ్యాకే అమలు అని అందులోనే మెలిక పెట్టారనుకోండి. 1996లో ఆ బిల్లు మొదటిసారి వచ్చినప్పటినుంచీ, అందరూ సమానమే అయినప్పుడు ఆడవాళ్ళకు వేరే సీట్లెందుకు అని అడుగుతూనే ఉన్నారు. అడిగేవాళ్ళు ఎప్పుడూ కుర్చీలో కూర్చునే అడుగుతారు.

నో పక్షంలో నన్ను బాగా ఆలోచింపజేసిన లెక్క ఇంకొకటి. 2022 ఎన్నికల తర్వాత ఇక్కడి పార్లమెంటులో 227 మందిలో 11 మంది మూలవాసులే. జనాభాలో వాళ్ళ వాటా దాదాపు 3.8 శాతం అయితే సభలో అంతకంటే ఎక్కువ. ఇక వాయిస్ ఎందుకన్నారు. కానీ ఎంపీ అయినవాళ్ళు తమ పార్టీకీ, తమ నియోజకవర్గంలోని అందరికీ జవాబు చెప్పుకోవాలి. జాతిని బట్టి ప్రత్యేక చట్టాలు చేసే అధికారం రాజ్యాంగం పార్లమెంటుకు ఎప్పుడో ఇచ్చి ఉంచింది. చట్టం చెయ్యడానికి వేరు చేసి చూడొచ్చు, వినడానికి మాత్రం వేరు చేసి చూడకూడదా? ఇదే నాకు మింగుడుపడలేదు.

పెన్సిలు ముక్క

పోలింగ్ మా అమ్మాయి చదివిన ప్రైమరీ స్కూల్లో. ఇక్కడ ఓటేసే చోట సాసేజీలు కాల్చి బ్రెడ్డులో పెట్టి అమ్ముతారు. పెత్రమాస పూట ఆ పొగలో అరగంట నిలబడ్డాను. లోపల అట్టపెట్టెలాంటి గది, ఒక పెన్సిలు. యస్ అనో, నో అనో అక్షరాల్లో రాయాలి. టిక్కు పెడితే యస్ కింద లెక్కిస్తారు, ఇంటూ పెడితే మాత్రం నో కింద లెక్కించరు. దీని మీద కూడా పెద్ద గొడవే అయింది.

యస్ అని రాశాను. మా ఆయన నో అని రాసి వచ్చారు. కార్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. తర్వాత గుడికి వెళ్ళి నాన్న సంచి అయ్యగారికి ఇచ్చాం.

సాయంత్రం బతుకమ్మ సగంలో ఉండగానే ఫలితం తెలిసిపోయింది. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లు రావాలి, ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగు ఒప్పుకోవాలి. ఆరూ కాదన్నాయి. సుమారు 60 శాతం నో. కాన్‌బెర్రా ఉన్న రాజధాని ప్రాంతం ఒక్కటే యస్ అంది. మెల్బోర్న్ నడిబొడ్డున యస్, మా శివార్లకు వచ్చేసరికి నో. మూలవాసులు ఎక్కువగా ఉండే మారుమూల పోలింగ్ కేంద్రాల్లో మాత్రం యస్ బాగా ఎక్కువ వచ్చింది. ఆ రాత్రి నుంచి వారం రోజులు మౌనం పాటిస్తామని వాళ్ళ నాయకులు ప్రకటించారు.

మౌనం అయిపోయిన మర్నాడే, 22న, సద్దుల బతుకమ్మ. హాల్లో ఎవరో మైకు పుచ్చుకుని ఈ నేల అసలు యజమానులకు నమస్కారం చెప్పారు. ఎప్పటిలాగే పది సెకన్లు. చుట్టూ చూశాను. చాలామంది బతుకమ్మలు సర్దుకుంటున్నారు.

వాయిస్ పోయింది గానీ మా రాష్ట్రం ఆగలేదు. విక్టోరియా పార్లమెంటు 2025లో మూలవాసులతో ఒప్పందాన్ని చట్టం చేసింది. లిడియా థోర్ప్ ముందునుంచీ అడుగుతున్నదీ ఒప్పందమే.

ఓటు జరిగిన కొన్నాళ్ళకు మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఊళ్ళో ఇల్లు అమ్మేద్దామని. రిజిస్ట్రేషన్ కుదరదు కదా, ఎవరో దుకాణదారు తెల్లకాయితం మీద తీసుకుంటానన్నాడట. వారసులిద్దరి సంతకాలూ కావాలి. “అందరూ అట్లనే అమ్ముతున్నరక్కా” అన్నాడు. కాకా వాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు వాడు. “ఉన్నట్టున్నరు. మనుమరాలు ఉట్నూరుల సదువుతున్నదట” అన్నాడు.

ఆమె నంబరు కనుక్కోమన్నాను. కాయితం ఫొటో నా ఫోన్లో ఇంకా అలాగే ఉంది, సంతకం పెట్టలేదు. తమ్ముడు ఆ తర్వాత దసరాకు ఫోన్ చేశాడు గానీ, నంబరు సంగతి ఎత్తలేదు.