విభూది బుధవారం, బూడిద దిబ్బ

బళ్ళారి నుంచి హొసపేటె వెళ్ళే దారిలో కుడతిని దగ్గర ఒక బూడిద దిబ్బ ఉంది. కొన్నిచోట్ల ఆ బూడిద కరిగి గట్టిపడి, కమ్మరి కొలిమిలో చిట్టెంలా బెజ్జాలు పడి ఉంటుంది. పందొమ్మిదో శతాబ్దంలో చూసిన దొరలు కొందరు అగ్నిపర్వతం అనుకున్నారు, కొందరు పాతకాలపు కొలిమి అనుకున్నారు. హంపి పక్కన నింబాపురంలో ఇలాంటిదే మరొకటి ఉంది. దాన్ని వాలి చితాభస్మం అంటారు జనం. కిష్కింధ అక్కడే కదా, వాలి అంతటివాడికి ఆ మాత్రం చితి ఉండొద్దూ!

అసలు సంగతి పేడ. నాలుగైదు వేల ఏళ్ళ కిందట ఇక్కడ గొడ్లను మేపుకున్న మనుషులు దొడ్లలో పోగైన పేడను తగలబెట్టారు. మళ్ళీ మందను కట్టారు, మళ్ళీ తగలబెట్టారు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ మాట ముందే అన్నాడు. 1960లో శాస్త్రవేత్త జాయ్‌నర్ కుడతిని బూడిదను పరీక్షించి అదే తేల్చాడు. పాలమూరు వైపు ఉట్నూరులో 1957లో ఇలాంటి దిబ్బనే తవ్విన పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్‌కు గిట్టల గుర్తులు కూడా దొరికాయి. ఆల్చిన్ ఆ మంటల్లో పండగను చూశాడు, మన హోలీ, సంక్రాంతి మంటల పాత చుట్టాన్ని చూశాడు. దొడ్డి శుభ్రం చేసుకున్నారంతే అనేవాళ్ళూ ఉన్నారు.

బూడిదతో మనకూ ఒక ముడి ఉంది. తపఃకాలం మొదటిరోజు గురువు బూడిదతో నుదుట సిలువ గుర్తు వేస్తాడు. తెలుగు కతోలికులు ఆ రోజును విభూది బుధవారం అంటారు. వీరశైవుల గడ్డ మీద ఈ మాట ఎంత సహజంగా ఇమిడిపోయిందో! ఇరుగింటివాళ్ళ విభూతి ఆవుపేడ కాలిస్తే వచ్చింది. మన గుడిలో పెట్టేది నిరుటి మ్రానికొమ్మల ఆదివారం నాటి కొమ్మలు కాలిస్తే వచ్చింది. బళ్ళారి మనకు పరాయిదేం కాదు. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చి, మిగతా బళ్ళారి జిల్లా మైసూరులో కలిసింది. 1949లో ఏర్పడిన బళ్ళారి మేత్రాసనం నుంచి కర్నూలు విడిపోవడానికి మాత్రం 1967 దాకా పట్టింది. అన్నాళ్ళూ సరిహద్దుకు రెండువైపులా విశ్వాసులకు పీఠం ఒక్కటే.

బూడిద దిబ్బల నాటి ఆ గొల్లలకు ఇప్పుడు మనం బాప్తిస్మం ఇవ్వనక్కర్లేదు. వాళ్ళ దేవుడెవరో వాళ్ళకే ఎరుక. కానీ వాళ్ళు కాల్చినదేమిటో ఒకసారి చూడండి. సీమలో రైతుకు పెంట అంటే రేపటి పంట, పిడక అంటే ఈ పూట పొయ్యి. పనికొచ్చేదాన్నే కుప్పపోసి నిప్పు పెట్టారు. మన ఉపవాసాలు అలా ఉన్నాయా? మాంసం మానేసి గుత్తివంకాయ వండుకుని, తపఃకాలం పాటించామని లెక్క రాసుకుంటాం. యెషయా 58వ అధ్యాయం అడిగే ఉపవాసం వేరు. ఆకలిగొన్నవాడికి అన్నంలో వాటా ఇవ్వమంటుంది, కట్లు విప్పమంటుంది. మనకు అక్కరకొచ్చేది చేజారితేనే అది ఉపవాసం.

ఆ గొల్లల జాడ బూడిదలోనే కాదు, రాతిలోనూ ఉంది. బళ్ళారికి ఈశాన్యాన సంగనకల్లు, కప్పగల్లు. అక్కడి హిరేగుడ్డ మీద నల్లరాళ్ళ వరుస ఒకటి ఉంది. రాళ్ళ మీద పొడవాటి కొమ్ములు, మూపురాలున్న ఎద్దుల బొమ్మలు చెక్కి ఉన్నాయి. ఫాసెట్ అనే దొర వీటి గురించి 1892లో రాశాడు. 2004లో పురావస్తు శాస్త్రవేత్త నికోల్ బోవిన్ మళ్ళీ లోకం దృష్టికి తెచ్చింది మరో సంగతి: కొన్ని బండల మీద నున్నటి గుంటలున్నాయి. అక్కడ రాయితో కొడితే బండ గంటలా ఖంగుమంటుంది.

వింతగా ఉందా? ఇథియోపియాలో పాత చర్చిల బయట ఇప్పటికీ రాతిపలకలు వేలాడుతుంటాయి, ప్రార్థన వేళకు వాటినే కొడతారు. గ్రీసు మఠాల్లో చెక్కపలకను మోగిస్తారు. ఆ మోత వినగానే చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి లేవాలి. మనసు కుదిరిందా లేదా అని ఎవరూ అడగరు.

నన్ను ఆ నున్నటి గుంటలే ఎక్కువ ఆలోచింపజేశాయి. ఒక్క దెబ్బకు పడ్డవి కావవి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి, అదే చోట, అదే దెబ్బ వేశారు. మనమేమో ఉజ్జీవ కూటాల్లో మూడు రాత్రులు గొంతు చించుకుని, నాలుగో నాడు బైబిలు అలమరలో పెట్టేస్తాం. రోజూ ఒకే వేళకు మోకరించే ముసలమ్మను చాదస్తం అంటాం. మైకులు పెట్టి అరిచే మన గుళ్ళలో ఒక రాయి మోగితే వినపడుతుందా అన్నది నా అనుమానం. కొండ మీద కూడా పరిస్థితి అంత బాగా లేదు. కంకర కోసం అక్కడ క్వారీలు తవ్వారు, బొమ్మలున్న బండలకూ ఆ ముప్పు తప్పలేదు.

బళ్ళారి బూడిద దిబ్బలను అంత శ్రద్ధగా వెదికిన బ్రూస్ ఫుట్, మిషనరీ పీటర్ పెర్సివల్ అల్లుడు. 1912 డిసెంబరులో కలకత్తాలో కన్నుమూశాడు. క్రైస్తవులు సమాధులే కట్టుకునే ఆ రోజుల్లో ఆయన్ను దహనం చేశారు. గుప్పెడు బూడిద ఏర్కాడు కొండ మీది హోలీ ట్రినిటీ చర్చి ఆవరణలో ఉంది.